పక్క సీటు బ్రేకు

మార్చి 2, సోమవారం

ఈ డైరీ టైర్ల షాపువాడు ఏడాది మొదట్లో ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఇందులో నా స్టూడెంట్ల ఫోన్ నంబర్లు తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయాల్సి వస్తోంది, ఎందుకంటే నిన్న సాయంత్రం నుంచి మా ఆవిడ నాతో మాట్లాడడం లేదు. నాకేమో ఎవరితోనో ఒకరితో వాదించకపోతే అన్నం సయించదు. మనిషి దొరక్కపోతే కాగితమే గతి.

సంగతేమిటంటే, నిన్న మా బావమరిది కొత్త ఆఫీసు తెరిచాడు. వాడు లాయరు. మధ్యాహ్నం భోజనాలు పెట్టాడు, భోజనాలతో పాటు గ్లాసులూ పెట్టాడు. నేను తాగింది రెండే. నాలుగింటికి టైలరమ్మగారికి డ్రైవింగ్ క్లాసుంది. ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను, ఒక్క క్లాసు ఎగ్గొట్టి ఎరగను. నిన్నా ఎగ్గొట్టలేదు. బండి నడిపింది ఆవిడ. నేను పక్క సీట్లో కూర్చున్నాను. మొక్కల నర్సరీ దగ్గర మలుపులో బండి పక్కకి లాగేసి కుండీలకి తగిలింది. ఎనిమిది కుండీలు పగిలాయి. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు.

ట్రాఫిక్ పోలీసు వచ్చి ఇద్దరిచేతా మిషన్లోకి ఊదించాడు. ఆవిడకి సున్నా. నాకు సున్నా కాదు.

"స్టీరింగు నా చేతిలో లేదు కదండీ!" అన్నాను.

అతను కారులోకి వంగి, పక్క సీటు కింద చూసి, "మరి ఈ బ్రేకు ఎవరి కాలికి పెట్టారు?" అన్నాడు.

నేర్పే కారు కదా, పక్క సీటుకి కూడా ఓ బ్రేకూ క్లచ్చూ ఉంటాయి. దగ్గరుండి బిగించుకున్నది నేనే. తాగి బండి నడిపినట్టు కేసు రాసి, నా లైసెన్సు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. బండి నడపకుండానే తాగి నడిపిన ఘనుణ్ణి లోకం మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మార్చి 3

మాట్లాడలేదు. టీ మాత్రం ఇచ్చింది. కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకి ఎదురింటి కుక్క మొరిగింది.

మార్చి 5, గురువారం

బావమరిది వచ్చాడు. పోసినవాడూ వాడే, ఇప్పుడు కాపాడతానంటున్నవాడూ వాడే.

"నువ్వేం కంగారు పడకు బావా. కొత్త ఆఫీసుకి నీదే మొదటి కేసు."

"నా పరువుతో బోణీ చేస్తావుట్రా?"

వాడు చట్టం పుస్తకం తెరిచి హోటల్లో సర్వరు చెప్పినట్టు గడగడా చదివాడు. మొదటిసారి దొరికితే జరిమానా, ఆరు నెలలు లైసెన్సు సస్పెన్షను, పదిహేను రోజులు సమాజ సేవ, ఆపైన తాగి నడపకూడదని క్లాసులు. లైసెన్సు ఆగితే నేర్పే పర్మిటు కూడా దానంతటదే ఆగిపోతుంది. రెండోసారి దొరికితే జైలు.

"అంతేనా, ఇంకేమైనా ఉన్నాయా?"

"ఎవరికైనా దెబ్బ తగిలుంటే వేరే సంగతి. నీకేం, కుండీలేగా."

"కుండీలే."

వాడి వాదన ఇది. స్టీరింగు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే డ్రైవరు. నేను నా బ్రేకు వేశాను, అయినా బండి ఆగలేదంటే ఆవిడ ఆక్సిలరేటర్ తొక్కిందన్నమాట. కాబట్టి తప్పు ఆవిడది.

"బ్రేకు వేశావు కదా?"

"వేశాను."

"చాలు. నా చేతిలో కేసు, నీ చేతిలో లైసెన్సు."

"మరి ఆవిడ?"

"నిర్లక్ష్యంగా నడిపిందని కేసు పెడతారు. లెర్నర్ లైసెన్సు రద్దు చేస్తారు. మళ్ళీ అప్లై చెయ్యాలంటే ఏడాది ఆగాలి. అంతే."

వాడు అంతే అన్నాడు కాబట్టి నేనూ అంతే అనుకున్నాను.

మార్చి 6

మాట్లాడింది! కానీ మాట్లాడకపోయినా బాగుండేది.

మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పోలీసు ఇచ్చిన చీటీ చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎన్ని గ్లాసులు?" అంది.

"రెండు."

కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో ఏవో లెక్కలు వేసింది. నా బరువడిగింది. భోజనం ఎన్నింటికి మొదలైందో అడిగింది. తర్వాత పెన్సిలు కింద పెట్టింది.

"రెండు గ్లాసులకి ఈ అంకె రావాలంటే మీరు పదేళ్ళ పిల్లాడైనా అయ్యుండాలి, లేదా అవి గ్లాసులు కాక బకెట్లైనా అయ్యుండాలి."

"మూడు" అన్నాను.

ఆవిడ పెన్సిలు మళ్ళీ తీసింది.

"నాలుగు. అయిదో దాంట్లో సగం వదిలేశాను" అన్నాను. ఆ సగమైనా నా ఖాతాలో పుణ్యంగా పడుతుందని ఆశ.

"మనుషులు నాతో రోజూ అబద్ధాలు చెప్తూనే ఉంటారండీ. రక్తం చెప్పదు" అని లోపలికి పోయింది.

మార్చి 7

నాలుగున్నర. మొదటి పేజీలో 'రెండే' అని రాసింది కొట్టెయ్యాలా అని ఆలోచించాను. వదిలేశాను. ఎవరు చదవొచ్చారు గనక.

మార్చి 9, సోమవారం

టైలరమ్మగారు ఇంటికి వచ్చారు. బజారు చివర కుట్టుషాపు ఆవిడది. యాభై ఆరేళ్ళు. ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు కావడంతో క్లచ్చుని కూడా అలాగే టకటకా తొక్కుతుంది. "ఇది జాకెట్టు కాదమ్మా, కారు!" అని నేనెన్నిసార్లు మొత్తుకున్నానో. రెండుసార్లు పరీక్ష తప్పింది. తప్పిన ప్రతిసారీ మర్నాడు పొద్దున్నే క్లాసుకి హాజరు. పట్టుదలంటే ఆవిడదే.

వాళ్ళాయనకి చూపు తగ్గిపోతోంది. వారానికోసారి పక్క ఊరి కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇన్నాళ్ళూ ఆయనే నడుపుకునేవాడు. ఇప్పుడు ఆ కారు ముసుగేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఈమధ్య రెండు వారాలు ఆసుపత్రికే వెళ్ళలేదట.

ఆవిడ సంచిలోంచి చొక్కా తీసింది. ఆ రోజు కారు దిగేటప్పుడు తలుపుకి పట్టి చిరిగిన నా చొక్కా, మర్నాడు ఆవిడ షాపుకే పంపించాను. చిరుగు ఎక్కడుందో దేవుడికి కూడా కనబడకుండా కుట్టింది.

"కోర్టుకి ఇది వేసుకోండి సార్. తప్పు నాదే. నా కాలే తడబడింది. మీరు బ్రేకు వేశారని కోర్టులో చెప్తాను."

ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. మీరు నిజంగా చూశారా అమ్మా అని అడగాల్సింది. "పోనీలెండి, ఎవరికైనా జరుగుతుంది" అన్నాను. ఎంత పెద్ద మనసో నాది!

ఆవిడ వెళ్ళాక వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏం, చొక్కాతో పాటు సాక్ష్యం కూడా ఆవిడే కుట్టి తెచ్చిందా?"

అసలు నాకు ఆ రోజు ఎండ సూటిగా కళ్ళలో కొట్టింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. అంతే.

మార్చి 11

కోర్టు రిహార్సల్. బావమరిది భుజాల మీద నల్ల శాలువా కప్పుకుని జడ్జి అయ్యాడు. వాడే లేచి ఇటొచ్చి లాయరయ్యాడు. మళ్ళీ అటెళ్ళి జడ్జయ్యాడు. పావుగంటకే వాడికి ఆయాసం వచ్చింది.

"ఆ సమయంలో మీరేం చేస్తున్నారు?"

"ఎండ కళ్ళలో కొడితే..."

"ఎండ ఎటు నుంచి వచ్చింది?"

చెయ్యెత్తి చూపించబోయి ఆగిపోయాను. సాయంత్రం నాలుగింటికి ఆ రోడ్డు మీద ఎండ వీపు వైపు ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అదే మలుపు తిప్పిస్తున్నాను, నాకు తెలియదూ.

జడ్జిగారు శాలువా తీసేసి నా మొహంలోకి చూశారు. "ఎండ మాట మాత్రం ఎత్తకు బావా" అన్నారు.

మార్చి 13, శుక్రవారం

నడుచుకుంటూ నర్సరీకి వెళ్ళాను. కుండీల నష్టం సంగతి మాట్లాడదామని బయల్దేరాను, అంతకన్నా వేరే ఉద్దేశం లేదు. నడిపేది ఒక పెద్దావిడ. నన్ను గుర్తుపట్టి మరీ నవ్వింది.

"కుండీలకేముంది బాబూ, మట్టివేగా. ఇదిగో, దీన్ని చూడు!"

ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి చూపించింది. ఒక కాలు విరిగి ఉంది.

"దీని మీదే కూర్చుని కలుపు తీసుకుంటున్నా. లోపల ఫోను మోగింది. మా మనవరాలు, రోజూ ఆ టైముకే చేస్తుంది. పని మధ్యలో చేస్తుందని నేను రోజూ దాన్ని తిడతా. ఆ రోజు కూడా తిట్టుకుంటూనే లేచి వెళ్ళా. గుమ్మం దాటానో లేదో, ఢామ్మని చప్పుడు!"

కథ చెప్పినట్టు చెప్పి పకపకా నవ్వింది. "ఆ రోజు నుంచి దాన్ని తిట్టడం మానేశాననుకో" అంది.

నేనూ నవ్వాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వాను.

"ఆ కారు నడిపే తల్లి 'సార్, సార్' అని ఎంత అరిచిందయ్యా! ఇక్కడికి వినబడింది. నీకెలా వినబడలేదు?" అంది.

గేటు దాటాక ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు అని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను. తగలకపోవడంలో నా గొప్పేమిటి? ఆ చిన్నపిల్ల ఎక్కడో కూర్చుని వాళ్ళమ్మమ్మకి ఫోను చేసింది. నా కాలు చెయ్యాల్సిన పని ఆ ఫోను చేసింది.

మార్చి 14

నిద్రపోయాను. పక్క సీట్లో నిద్రపోయాను. రాశాను, చాలు.

మార్చి 16, సోమవారం

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను.

"నేను బ్రేకు వెయ్యలేదు. నిద్రపోయాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నాలుగున్నర గ్లాసులు తాగి, భోజనం చేసి, కారులో కూర్చుని మీరు నిద్రపోకుండా ఉన్నదెప్పుడు? పెళ్ళై ఇరవై ఆరేళ్ళైంది. మొదటి పెళ్ళిరోజుకే నా భుజం మీద గురక పెట్టారు."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. "నిజం చెప్తే ఆరు నెలలు పని ఉండదు. ఇరవై రెండేళ్ళ పేరు పోతుంది. నేర్పేవాడే తాగి దొరికాడంటే ఎవరొస్తారు మళ్ళీ?" అన్నాను.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆరు నెలలు నా జీతంతో గడుస్తుంది. మీరు వంట నేర్చుకోండి. పేరంటారా, నిజం చెప్తే మీ పేరు ఆరు నెలలు పోతుంది. చెప్పకపోతే ఆవిడకి ఏడాది పోతుంది. మీరు ఆరు నెలలు ఆగగలరు. వాళ్ళాయన కళ్ళు ఏడాది ఆగుతాయా?"

వాదించడానికి నోరు తెరిచాను. ఏమీ దొరకలేదు. నాకిలా జరగడం ఇదే మొదలు.

మార్చి 17

బావమరిదికి ఇంకా చెప్పలేదు. వాడు కొత్త కోటు కుట్టించుకున్నాడు. రేపు చూద్దాం.

మార్చి 18, బుధవారం

కోర్టు గది ఇంత చిన్నదని నేననుకోలేదు. గోడ మీద ఫ్యాను కటకటమంటూ తిరుగుతోంది. జడ్జిగారు నడివయసు ఆవిడ, జలుబు చేసినట్టుంది, ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో రుమాలు. నాకన్నా ముందు నలుగురికి అదే కేసు. నలుగురూ రెండే గ్లాసులన్నారు. జడ్జిగారు నాలుగుసార్లూ తుమ్మారు.

మా వాడు లేచి దంచేశాడు. నిజంగా బాగా మాట్లాడాడు, కాదనను. స్టీరింగు అన్నాడు, నియంత్రణ అన్నాడు, నా ఇరవై రెండేళ్ళ సేవ అన్నాడు. నాకే కళ్ళు చెమర్చాయి. తర్వాత టైలరమ్మగారిని బోనులోకి పిలిచి ప్రమాణం చేయించారు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు బిక్కుబిక్కుమంటూ నిలబడింది. వాళ్ళాయన వెనక బెంచీలో గొంతు వచ్చినవైపు తల తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"స్టీరింగు ఎవరి చేతిలో ఉందమ్మా?"

"నా చేతిలోనే బాబూ."

"మలుపు దగ్గర, మీ పక్కన కూర్చున్న మా క్లయింటు బ్రేకు వేశారా?"

ఆవిడ నోరు తెరిచింది. ఆవిడ చేతులు చూశాను. చీర కొంగుని సూది లేకుండానే కుడుతున్నాయి. ఇంకొక్క మాట బైటికొస్తే నేను గెలిచేవాణ్ణి, ఆవిడ నా కోసం ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషయ్యేది.

"వెయ్యలేదండీ!" అన్నాను.

నేనే అన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

"బావా, కూర్చో!" అన్నాడు మా వాడు, కోర్టని మరిచిపోయి.

"మీ లాయరుగారు కూర్చోమంటున్నారు" అన్నారు జడ్జిగారు.

"మా బావమరిదండీ. ఆ రోజూ ఇలాగే కూర్చో బావా, ఇంకొక్కటి అన్నాడు. కూర్చోబట్టే ఇక్కడిదాకా వచ్చాను."

వెనకెవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. "తాగింది నాలుగున్నర గ్లాసులు. క్లాసు ఎగ్గొట్టలేదని గొప్పలు పోతాను, ఆ రోజు ఎగ్గొట్టాల్సింది. బండి మలుపు తిరిగేసరికి నిద్రపోతున్నాను. ఈవిడ సార్ సార్ అని అరిచింది. అరవడానికి కారణం ఉందండీ. క్లాసు మొదటిరోజున నేనే చెప్పాను, మీరు భయపడకండమ్మా, బ్రేకు నా కాలి కింద ఉంది అని. ఆ మాట నమ్మి నడిపింది. ఈవిడ తప్పు ఇసుమంతైనా లేదు" అన్నాను.

జడ్జిగారు రుమాలు పక్కన పెట్టారు. "మీరేమంటారమ్మా?" అని అడిగారు.

"ఆయన చెప్పిందే నిజమండీ" అంది టైలరమ్మగారు. ఇంత పొడుగు ఊపిరి వదిలింది.

జరిమానా. ఆరు నెలలు లైసెన్సు సస్పెన్షను, దానితో పాటు పర్మిటూ. నాలుగు ఆదివారాలు క్లాసులు. పదిహేను రోజులు సమాజ సేవ. మెనూలో ఉన్నవన్నీ వడ్డించారు, ఒక్కటీ తగ్గించలేదు. ఆవిడ మీద మాత్రం ఏ కేసూ లేదని గట్టిగా చదివి రాయించారు.

బైట బావమరిది నెత్తి పట్టుకుని, "గెలిచే కేసు బావా!" అన్నాడు. టైలరమ్మగారికి కోపం ఇంకా ఎక్కువ. "ఆ అబద్ధం చెప్పడానికి వారం రోజులు అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను సార్! ముందే చెప్పొచ్చుగా!" అని, కోపంగానే కళ్ళు తుడుచుకుంది.

మా ఆవిడ బస్సులో పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఇంటికి చేరేవరకూ వదల్లేదు.

మార్చి 20

అన్నం మాడింది.

మార్చి 23, సోమవారం

టైలరమ్మగారు ఆరు నెలలూ ఆగుతానంటుంది. నా దగ్గరే నేర్చుకుంటుందట.

"నేను నిద్రపోయినా సరేనా?"

"అప్పుడు పెద్దగా అరుస్తాను సార్."

కసిరాను. ఈ ఆరు నెలలూ వాళ్ళాయన్ని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారని కసిరాను. తర్వాత గుండె రాయి చేసుకుని ఆకుపచ్చ బోర్డువాడికి ఫోన్ చేశాను. మా వీధి అవతలే వాడి డ్రైవింగ్ స్కూలు. పదేళ్ళుగా నేను వాడి గురించి చెప్పని చెడ్డ మాట లేదు.

"ఒక మంచి స్టూడెంటుని పంపిస్తున్నానయ్యా. కాలు కొంచెం తొందర, మనిషి బంగారం" అన్నాను.

"ఏవండీ, మీ ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

ఏప్రిల్ 6, సోమవారం

సమాజ సేవ మొదలు. ఎక్కడ వేశారో తెలుసా? డ్రైవింగ్ పరీక్షలు పెట్టే మైదానంలో! ఊళ్ళో వాళ్ళందరికీ నేను నేర్పి పంపేది అక్కడికే. జడ్జిగారికి జలుబుతో పాటు హాస్యం కూడా ఎక్కువే. నారింజ రంగు జాకెట్టు ఇచ్చారు, వీపు మీద 'తాగి నడిపాను, సేవ చేస్తున్నాను' అని బారెడు అక్షరాలు. పని ఏమిటంటే మైదానం ఊడవడం, పరీక్ష దారికి ఇరువైపులా పెట్టే ప్లాస్టిక్ కోన్లు పడిపోతే లేపి నిలబెట్టడం. పొద్దున్నంతా వీపు గోడకి ఆనించి ఊడ్చాను. అలా ఊడిస్తే గోడవారే శుభ్రమవుతుందని సూపర్‌వైజరు కేకలేశాడు.

ఏప్రిల్ 9

పాత శిష్యుడొకడు నాతో సెల్ఫీ దిగాడు. "వీపు వైపు నుంచి తీసుకోనా సార్?" అని వినయంగా అడిగాడు. తీసుకోమన్నాను. ఒక్కడైనా చూసి ఆ అయిదో గ్లాసు మానేస్తాడేమో.

ఏప్రిల్ 16, గురువారం

ఇవాళ టైలరమ్మగారి పరీక్ష.

ఆకుపచ్చ బోర్డువాడు దింపి వెళ్ళాడు, నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఆవిడ నన్ను చూసి దగ్గరికి రాబోతే, రావద్దని చీపురు ఊపాను. చివరిది రివర్సు. రెండు వరసల కోన్ల మధ్య నుంచి బండిని వెనక్కి తేవాలి. ఒక కోను పడితే ఊరుకుంటారు. రెండోది పడితే ఇంటికే.

మొదటి మలుపులోనే ఒకటి పడింది. వెళ్ళి నిలబెట్టాను, నా డ్యూటీ. వచ్చి చివరి కోను పక్కన నిలబడ్డాను, అదీ నా చోటే.

బండి వెనక్కి వస్తోంది. కొంచెం ఎక్కువే వస్తోంది. బంపరు చివరి కోనుకి తగిలింది. కోను వాలింది. నా చెప్పుకీ దానికీ మధ్య జానెడు దూరం. పరీక్షాధికారి తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. బొటనవేలు ముందుకి జరిపితే చాలు, కోను నిలబడుతుంది. దేవుడికి తప్ప ఎవడికీ తెలియదు.

ఇరవై రెండేళ్ళు ఎదుటివాళ్ళ తప్పుకి నా కాలు అడ్డం పెట్టి బతికినవాణ్ణి. కాలు దానంతటదే లేవబోయింది. చీపురు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఆ కాలిని నేలకేసి అదిమిపెట్టాను. లోపల మాత్రం, 'బ్రేకమ్మా, బ్రేకు!' అని గొంతు చించుకుంటున్నాను.

బండి ఆగింది. టకటకలాడలేదు, తడబడలేదు, ఒక్క తొక్కుతో ఆగింది. కోను అటూ ఇటూ ఊగి, తనే నిటారుగా నిలబడింది.

అధికారి తలెత్తి, చుట్టూ చూసి, కాగితం మీద టిక్కు పెట్టాడు.

టైలరమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టి మైదానమంతా వినబడేలా అరిచింది. "సార్! చూశారా సార్! నేనే వేశాను!"

"చూశానమ్మా," అన్నాను. "మొత్తం చూశాను."